మన్ననూర్ గేటు దగ్గర మొదలైన వాదన: అడవుల విషయంలో ఇందిరమ్మ నిజంగా ఎంత చేసింది?

నల్లమలబాట:

అందరికీ నమస్కారం. పోయిన వారం మా మామయ్యని తీసుకుని శ్రీశైలం బయల్దేరాం, హైదరాబాద్ దాటేసరికే లేటయ్యి మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలైంది, గేటు వేసేశారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లు వదలరు కదా, ఎంత బతిమాలినా వదల్లేదు. లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి, ఒక డ్రైవర్ అప్పటికే టైరు పక్కన దుప్పటి పరుచుకుని పడుకున్నాడు, మేం కార్లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ గేటు అవతల చీకట్లోకి చూస్తూ ఉన్నాం. అప్పుడు మామయ్య అన్నాడు, "ఇది ఇందిరమ్మ వేయించిన గేటు రా, ఆమె లేకపోతే ఈపాటికి ఇక్కడ చెట్టు మిగిలేది కాదు" అని.

నేను ఒప్పుకోలేదు. అడవుల్ని కాపాడింది సలీం అలీ లాంటి శాస్త్రవేత్తలు, కింద పనిచేసిన గార్డులు, చెట్లని కౌగిలించుకుని నరకనివ్వని చిప్కో ఆడవాళ్ళు, ప్రధానమంత్రి చేసేది సంతకం పెట్టడమేగా అన్నాను. పైగా ఎమర్జెన్సీ పెట్టిన మనిషికి ఈ క్రెడిట్ ఏంటి అని కూడా అన్నాను. ఆయన 72లో స్టాక్‌హోమ్ అన్నాడు, ప్రాజెక్ట్ టైగర్ అన్నాడు, సైలెంట్ వ్యాలీ అన్నాడు, నాకు వాటి గురించి పైపైనే తెలుసు కాబట్టి జవాబు చెప్పలేకపోయా. రాత్రి రెండింటి దాకా వాదించుకున్నాం.

నా డౌట్ ఏంటంటే ఇదంతా నిజంగా ఆవిడ పట్టుదలతో జరిగిందా, లేక ఎవరు ప్రధాని అయినా అప్పటి కాలానికి జరిగేదేనా? పార్టీ గొడవలు పక్కన పెట్టి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతలెక్చరర్:

బాబూ, ముందు గేటు సంగతి తేల్చేద్దాం. రాత్రిపూట బండ్లు ఆపడం ఇందిరాగాంధీ పెట్టిన రూల్ కాదు, అది తర్వాత వచ్చింది. కానీ ఆ గేటు వేసే అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది అని వేరు వెతుక్కుంటూ పోతే 1972 వన్యప్రాణి చట్టం దగ్గరికే చేరతారు. నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చింది, అప్పుడు ప్రధాని ఆవిడే. కాబట్టి మీ మామయ్య మరీ గాలిలో మాట్లాడలేదు.

ఇక "సంతకం పెట్టడమేగా" అన్నారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను. అప్పట్లో అడవులు, అడవి జంతువులు రెండూ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయాలు. పార్లమెంటు వాటి మీద నేరుగా చట్టం చేయడానికి లేదు. రాష్ట్రాలకేమో అడవి అంటే ఆదాయం, కలప వేలాలు, కొన్నిచోట్ల వేట లైసెన్సులు కూడా, విదేశీయుల్ని పులి వేటకి తీసుకెళ్ళే షికార్ కంపెనీలు బాహాటంగా నడిచేవి, పులి వేట దేశమంతా ఆగింది 1970లో. ఇలాంటి పరిస్థితిలో కేంద్రం చట్టం తేవాలంటే ఒకటే దారి, 252వ అధికరణం. కనీసం రెండు రాష్ట్రాల శాసనసభలు "మా తరఫున మీరే చట్టం చేయండి" అని తీర్మానం చేసి పంపాలి. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చినప్పటి ప్రతి మొదటి పేజీ తెరిచి చూడండి, అలా తీర్మానం చేసిన 11 రాష్ట్రాల పేర్లుంటాయి, అందులో మొట్టమొదటి పేరు ఆంధ్రప్రదేశ్. ఇంగ్లీషు అక్షరమాల వరసలో మొదట వచ్చిందనుకోండి, అయినా మన శాసనసభ ఆ తీర్మానం చేసిందన్నది నిజం కదా. నేను క్లాసులో ఆ పేజీ చూపించినప్పుడల్లా పిల్లలు ఆశ్చర్యపోయేవాళ్ళు.

ముఖ్యమంత్రులు తమ చేతిలో ఉన్న అధికారాన్ని మామూలుగా వదులుకోరు. వదులుకునేలా చేయాలంటే పైన కూర్చున్న మనిషికి ఆ విషయం మీద నిజమైన పట్టింపు ఉండాలి. మీరు ఎవరైనా చేసేవాళ్ళే కదా అంటున్నారు, 72 నాటికి మన దేశంలో దీనికి ఓట్లు లేవు, ఊరేగింపులు లేవు, పార్టీ మేనిఫెస్టోలో ఎవరూ పులి గురించి అడగలేదు. ఆ ఏడాది జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు జరిగితే ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని ఒలోఫ్ పామేని పక్కన పెడితే బయటి దేశాల నుంచి వెళ్ళిన ప్రభుత్వాధినేత ఆవిడ ఒక్కరే. మిగతా దేశాలు మంత్రుల్నో అధికారుల్నో పంపి ఊరుకున్నాయి.

ఆ తర్వాత వరసగా చూసుకోండి, సెప్టెంబర్‌లో వన్యప్రాణి చట్టం, 73 ఏప్రిల్ 1న కార్బెట్ నేషనల్ పార్కులో ప్రాజెక్ట్ టైగర్, 74లో నీటి కాలుష్య చట్టం, 80లో అటవీ సంరక్షణ చట్టం, 81లో వాయు కాలుష్య చట్టం. మధ్యలో మూడేళ్ళు అధికారంలో లేకుండానే ఇదంతా.

నల్లమలబాట:

సార్ చాలా థాంక్స్, 252 సంగతి నాకు అస్సలు తెలియదు. మరి ఎమర్జెన్సీ సంగతో? మామయ్య అది ఎత్తితే చాలు మాట మార్చేస్తాడు.

పాతలెక్చరర్:

మాట మార్చక్కర్లేదు, అది కూడా ఇందులో భాగమే. 42వ రాజ్యాంగ సవరణ ఎమర్జెన్సీలో చేసిందే, ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉండగా చేసిన సవరణ అది. పౌరుల హక్కుల్ని, కోర్టుల అధికారాన్ని తొక్కేసిన చాలా విషయాలు అందులో ఉన్నాయి, నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నా, ఆ రోజుల భయం ఇప్పటికీ గుర్తుంది. అదే సవరణలో పర్యావరణాన్ని, అడవుల్ని, వన్యప్రాణుల్ని కాపాడాలని రాజ్యానికి చెప్పే 48ఎ అధికరణం, పౌరుడి విధిగా చెప్పే 51ఎ(జి) వచ్చాయి. అడవులు, వన్యప్రాణులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వచ్చింది కూడా దాంతోనే. తర్వాత జనతా ప్రభుత్వం 43, 44 సవరణలతో అందులో చాలావాటిని తీసేసింది కానీ వీటి జోలికి పోలేదు. తనని ఓడించినవాళ్ళు కూడా ఉంచేశారంటే ఆ భాగానికి విలువ ఉందనే కదా. అలాగని ఎమర్జెన్సీ తప్పు కాకుండా పోదు. రెండూ ఒకే మనిషి చేసినవి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కప్పడం నాకు చేతకాదు.

రేంజిడైరీ:

నమస్తే అన్నా. నేను 79లో ఫారెస్ట్ గార్డుగా చేరి రిటైర్ అయినవాణ్ణి, ఎక్కువ సర్వీసు నల్లమలలోనే. చట్టాల గురించి సార్ చెప్పారు కాబట్టి కింద మాకు ఏం తేడా వచ్చిందో నేను చెప్తా.

నా లెక్కలో ఆవిడ చేసిన పెద్ద పని పులుల ప్రాజెక్టు కాదు, 1980 ఎఫ్‌సీ యాక్టు, అదే సార్ చెప్పిన అటవీ సంరక్షణ చట్టం. దానికి మొదట ఉన్నవి ఐదే సెక్షన్లు, రెండు పేజీలు కూడా రాదు. అసలు ప్రాణమంతా రెండో సెక్షన్లో ఉంది, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ రిజర్వ్ ఫారెస్టుని డీరిజర్వ్ చేయకూడదు, అంటే ఆ రిజర్వ్ హోదా తీసేయకూడదు, అటవీ భూమిని వేరే పనికి వాడకూడదు. అక్టోబర్ 25న ముందు ఆర్డినెన్స్‌గా వచ్చింది. పార్లమెంటు కూర్చునేదాకా ఆగితే ఈలోపు ఎంత పోతుందో అన్న తొందర అందులో కనపడుతుంది నాకు.

అంతకుముందు ఎలా ఉండేదంటే ఒక పెద్దమనిషికి అడవి భూమి కావాలంటే హైదరాబాద్ వెళ్ళి ఒక కాగితం తెచ్చుకునేవాడు. మా సీనియర్లు చెప్పేవాళ్ళు, ఎలక్షన్ వచ్చిందంటే ఏ బీట్ (ఒక గార్డు చూసుకునే అడవి ముక్క) పోతుందో అని లెక్కలు వేసుకునేవాళ్ళట. దేశం మొత్తం మీద 50 నుంచి 80 దాకా ఏడాదికి సుమారు లక్షన్నర హెక్టార్ల అడవి ప్రాజెక్టులకీ సాగుకీ పోయింది, యాక్టు వచ్చాక ఆ వేగం బాగా పడిపోయింది. నేను చేరిన కొత్తలో ఒక స్థానిక నాయకుడు మా రేంజి ఆఫీసుకి వచ్చి బల్ల మీద చెయ్యి కొట్టి మాట్లాడేవాడు, 81 తర్వాత అదే మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని "ఢిల్లీ ఫైలా, ఇంక అయినట్టే" అని లేచి వెళ్ళిపోయాడు. మా రేంజర్ గారు ఆ రోజు ఎంత సంతోషపడ్డారో, అందరికీ టీ తెప్పించారు.

అయితే అదే కాలంలో జరిగిన తప్పు కూడా చెప్పాలి, లేకపోతే నా సర్వీసుకి నేను అన్యాయం చేసినట్టు. 75లో మన దగ్గర ఫారెస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు, సహజంగా పెరిగిన మిశ్రమ అడవిని కొట్టేసి జామాయిల్ వేయడం అప్పుడు అభివృద్ధి అనుకున్నారు. ఒక పక్క పులి కోసం చట్టం, ఇంకో పక్క కలప కొట్టుకోడానికి అడవి ముక్కలు, అంటే కూపులు వేలం, రెండూ ఒకే ప్రభుత్వంలో. జామాయిల్ తోటలో నడిచి చూడండి, పిట్ట అరుపు వినపడదు. కింద ఎండు ఆకు తప్ప ఏమీ ఉండదు, పాము కూడా కష్టమే.

ఇంకో ముచ్చట. ఆ రోజుల్లో పులుల్ని లెక్కపెట్టడం అంటే పగ్‌మార్కులే. తెల్లారకముందే బయల్దేరి బాట మీద మెత్తటి దుమ్ములో పులి అడుగు ఎక్కడ పడిందో వెతకాలి, ఎండ ఎక్కి గాలి లేస్తే అంచు చెదిరిపోతుంది. దాని మీద గాజు పలక పెట్టి పెన్నుతో గీత గీసి, తర్వాత చుట్టూ రేకు పట్టీ పెట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి ఆరేదాకా అక్కడే కూర్చోవాలి. ఎండాకాలం ఆ అచ్చు చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉండేది. నేను మొదటిసారి తీసిన అచ్చు చానా ఏళ్ళు ఇంట్లో దాచుకున్నా. నాలాంటి పదో తరగతి చదివినవాడికి పులిని కాపాడటం ఒక ఉద్యోగం అవుతుందని అంతకుముందు ఎవరన్నా అనుకున్నారా? అందుకే మీ మామయ్య మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి.

పెంటబడి:

నేను నల్లమలలో చెంచు గిరిజనుల పెంటల్లో, అంటే వాళ్ళ గూడేల్లో, చాలా ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన టీచర్ని. రేంజి అన్న చెప్పినవన్నీ నిజమే, కానీ ఈ చర్చలో ఇప్పటిదాకా చెంచు అన్న మాటే రాలేదు, అది నాకు బాధగా ఉంది.

స్టాక్‌హోమ్ ప్రసంగం గురించి అందరూ ఒక ముక్క చెప్తారు, "పేదరికమే అతి పెద్ద కాలుష్యం అని ఇందిరాగాంధీ అన్నారు" అని. ఆవిడ అలా తీర్పు చెప్పినట్టు అనలేదండి. పేదరికం, అవసరం ఇవే కదా అన్నిటికంటే పెద్ద కాలుష్యకారకాలు అని ప్రశ్నగా అడిగారు, ధనిక దేశాల ముందు నిలబడి అడిగారు. ఆ వెంటనే వచ్చే వాక్యం ఎవరూ చెప్పరు. అడవుల్లో, అడవుల అంచున ఉండే గిరిజనులకి పని, రోజూ కావల్సినవి కొనుక్కునే శక్తి ఇవ్వలేకపోతే వాళ్ళు తిండి కోసం అడవిని గాలించకుండా, వేటాడకుండా మనం ఆపలేం అన్నది దాని సారాంశం. అంటే మనిషి సంగతి ఆవిడకి తెలుసు. మనిషి ఇల్లు గడవకుండా అడవి నిలవదని తెలుసు. కానీ చూడండి, ఆ వాక్యంలో కూడా గిరిజనుడు అడవిని పాడుచేసే మనిషిగానే కనిపిస్తాడు, కాపాడే మనిషిగా కనిపించడు. ఆ చూపు చట్టంలోకి వచ్చింది, చట్టం నుంచి చెక్‌పోస్టు దాకా వచ్చింది.

మా పెంటలో ఒక పెద్దాయన ఉండేవాడు, తేనె తీయడానికి కొండ చరియ మీద నుంచి తాడు దిగేవాడు. తుట్టె మొత్తం కొయ్యడు, కొంత వదిలేస్తాడు, ఎందుకు తాతా అంటే మళ్ళా రావాలి కదా అనేవాడు. తపసి జిగురు తీసేటప్పుడు కూడా గొడ్డలి గాటు ఎంత లోతు పెట్టాలో కొడుక్కి చేయి పట్టుకుని చూపించేవాడు, లోతు ఎక్కువైతే చెట్టు చస్తుందని. ఆ జిగురు, తేనె జీసీసీలో (గిరిజన సహకార సంస్థలో) అమ్మితేనే వాళ్ళకి ఉప్పు, బియ్యం. టైగర్ రిజర్వ్ నిబంధనలు బిగుసుకున్నాక ఆయన సంచి చెక్‌పోస్టు దగ్గర తెరిపించి చూసేవాళ్ళు. తన ఇంట్లోకి తాను వెళ్తుంటే సంచి చూపించమన్నట్టు ఉంది అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇది నల్లమల ఒక్కదాని కథ కాదు. మధ్యప్రదేశ్ కన్హాలో పులి కోసం బైగా గిరిజనుల ఊళ్ళు లేపేశారు. రాజస్థాన్ భరత్‌పూర్‌లో పక్షుల కోసం 1982లో గేదెల మేతని హఠాత్తుగా ఆపేశారు, ఊరివాళ్ళు ఎదురు తిరిగితే పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పరిశీలిస్తే తేలిందేంటంటే ఆ గేదెలు తినడం వల్లే నీటిమీద గడ్డి అదుపులో ఉండేదట, గేదెలు రాకపోయేసరికి గడ్డి నీళ్ళంతా కమ్మేసి బాతులకీ చేపలకీ చోటు లేకుండా పోయింది. ఎవరి కోసం ఆపారో ఆ పక్షులకే నష్టం. ఊరివాళ్ళని ఒక్కసారి కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ ప్రాణాలు ఉండేవి.

ఆవిడ మంచి చేసింది కాదనను. కానీ గోడ కట్టిన మనిషి గోడకి లోపల ఎవరున్నారో చూసుకోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా చెంచుకి ఆ అడవిలో చట్టం దృష్టిలో చోటే లేదు, 72 నుంచి లెక్కేస్తే 34 ఏళ్ళు.

రేంజిడైరీ:

టీచరమ్మా, మీరు చెప్పినదానికి నేను ఎదురు చెప్పను. సంచులు తెరిపించినవాళ్ళలో నేనూ ఉన్నా. పైనుంచి ఆర్డర్ ఉంది అనుకునేవాళ్ళం. ఒకసారి పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లని డోలీలో మోసుకొస్తుంటే నేనే ముందు టార్చి పట్టుకుని నడిచా, నాలుగు కిలోమీటర్ల రోడ్డు ఫైలు అనుమతి కోసం ఎక్కడో ఉంది. నేను పైన పొగిడిన రెండో సెక్షనే ఆ రోడ్డునీ ఆపింది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరన్న 2006 చట్టంలోనే దీనికి కొంత దారి పెట్టారు, బడి, ఆసుపత్రి, రోడ్డు లాంటివాటికి గ్రామసభ సిఫార్సు చేస్తే ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇంకోటి, నల్లమలలో పులి నిలబడిందంటే అందులో చెంచుల చెయ్యి చాలా ఉంది. బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా ఎక్కువమంది వాళ్ళే, ఏ వాగు దగ్గర ఏ వేళకి పులి వస్తుందో వాళ్ళకి తెలిసినట్టు మాకు తెలియదు. నేను డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో నేర్చుకున్నదానికంటే ఒక చెంచు వాచర్ వెనకాల నడిచి నేర్చుకున్నదే ఎక్కువ.

కుంతిపుళతీరం:

నేను ఉద్యోగరీత్యా పాలక్కాడ్‌లో పదిహేనేళ్ళుగా ఉంటున్న తెలుగువాణ్ణి కాబట్టి ఇక్కడి సైలెంట్ వ్యాలీ అడవి కథ నేను చెప్తా, అసలు ప్రశ్నకి దగ్గరి జవాబు అక్కడే ఉంది అని నా నమ్మకం.

ఆ అడవిలో పారే కుంతిపుళ అనే నది మీద డ్యామ్ కట్టి 120 మెగావాట్ల కరెంట్ తీద్దామని కేరళ విద్యుత్ బోర్డు ప్లాన్. 73లో ప్లానింగ్ కమిషన్ సరే అంది, అంటే ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడే, ఇది మర్చిపోకూడదు. తర్వాత మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం కూడా కానివ్వమంది. కేరళలో అన్ని పార్టీలూ డ్యామ్ కావాలన్నాయి, కరెంటు కోతలు, మలబార్‌లో పరిశ్రమలు లేవు, వాళ్ళ బాధ వాళ్ళది. ఎదురు నిలబడింది ఎవరంటే స్కూలు టీచర్లు, కాలేజీ లెక్చరర్లు, శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు, మలయాళ కవులు. ఊరూరా తిరిగి సింహపు తోక కోతి ఎందుకు కావాలి, వర్షారణ్యం అంటే ఏంటి అని జనానికి చెప్పారు. సలీం అలీ, ఎం.ఎస్. స్వామినాథన్ లాంటివాళ్ళు ఢిల్లీకి రాశారు.

80లో ఆవిడ మళ్ళీ ప్రధాని అయ్యాక పని ఆపమన్నారు, శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన కమిటీ వేశారు, అది అధ్యయనం చేసి 83లో రిపోర్ట్ ఇచ్చాక ప్రాజెక్ట్ వదిలేశారు. 84 నవంబర్‌లో నేషనల్ పార్క్‌గా ప్రకటన వచ్చేసరికి ఆవిడ చనిపోయి రెండు వారాలు. మరుసటి ఏడాది రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించారు.

అడవిలోకి ఫారెస్ట్ జీపులో తీసుకెళ్తారు, చివర్లో వాచ్‌టవర్ ఉంది, ఎక్కితే కింద నది ఒక గీతలా కనపడుతుంది. డ్యామ్ కట్టాలనుకున్న చోటు ఆ దగ్గర్లోనే. మా పాప అక్కడ "నాన్నా ఇక్కడ నీళ్ళుండేవా" అని అడిగింది, లేదమ్మా ఉండాల్సింది కానీ ఆపారు అన్నా.

అందుకే నల్లమలబాట గారూ, జనం చేశారా నాయకురాలు చేసిందా అని విడదీస్తే ఈ కథ అర్థం కాదు. ఆ టీచర్లు లేకపోతే ఆవిడకి సైలెంట్ వ్యాలీ ఒక ఫైలు మాత్రమే, 73లో అలాగే పోయింది కూడా. అలాగని ఆవిడ కాకుండా ఇంకో ప్రధాని ఉంటే ఆ టీచర్ల మాట వినేవాడా? మొరార్జీ వినలేదు, అది మన కళ్ళ ముందు ఉన్న రుజువు. ఉత్తరం రాస్తే చదివే మనిషి కుర్చీలో ఉండటం, అదే తేడా.

విశాఖఅల:

అడవుల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి సముద్రం తరఫున ఒక మాట. 81 నవంబర్‌లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకి ఉత్తరం రాశారు, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా బీచ్‌ని ఏ పనులూ లేకుండా ఖాళీగా ఉంచండి అని. చట్టం కాదు, ఉత్తరమే. ఆ 500 మీటర్ల లెక్కే పదేళ్ళ తర్వాత 91 ఫిబ్రవరిలో సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టే) నోటిఫికేషన్‌లోకి ఎక్కింది. మా వైపు భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద వెళ్తూ కొన్నిచోట్ల ఇంకా ఇసుక, తాటిచెట్లు కనపడుతున్నాయంటే ఆ గీత వల్లే. కాకపోతే టీచర్ గారు చెంచుల గురించి చెప్పినట్టే ఇక్కడ కూడా, మత్స్యకారుడు ఇల్లు బాగుచేసుకోవాలంటే సీఆర్‌జెడ్ అడ్డం, పెద్ద కట్టడాలకి మాత్రం ఎలాగో దారి దొరుకుతుంది. 2019లో కొత్త నోటిఫికేషన్ తెచ్చి జనసాంద్రత ఎక్కువున్న తీర గ్రామాల్లో ఖాళీగా ఉంచాల్సిన జాగాని 50 మీటర్లకి తగ్గించేశారు, అది చదివిన రోజు చాలా కోపం వచ్చింది.

లెక్కలపులి:

పైన ఎవరూ చెప్పలేదు కానీ ఈ టాపిక్ వచ్చిన ప్రతిచోటా "72లో 1827 పులులు, ఇప్పుడు 3682" అని పక్కపక్కన పెట్టి రెట్టింపు అయ్యాయి అంటారు కాబట్టి ముందే చెప్తున్నా. 1827 అనేది రేంజి అన్న చెప్పిన పగ్‌మార్క్ లెక్క, 3682 అనేది 2022లో కెమెరా ట్రాప్‌లు, గణాంక పద్ధతులతో వేసిన అంచనా. రెండు వేరే కొలబద్దలు. మధ్యలో 2006 అంచనాలో 1411 వచ్చింది, అంతకుముందు పగ్‌మార్క్‌తో కాగితం మీద చూపించిన వేలాది పులులు ఏమైపోయాయని దేశమంతా ఉలిక్కిపడింది. రాజస్థాన్‌లోని సరిస్కా టైగర్ రిజర్వ్‌లో ఒక్క పులి కూడా లేదని బయటపడింది అంతకు కొంచెం ముందే, 2004–05లో. ప్రాజెక్ట్ టైగర్ పెట్టిన మనిషి గొప్పదే కానీ పెట్టి వదిలేస్తే సంస్థ కుళ్ళుతుంది, సరిస్కా తర్వాత టైగర్ టాస్క్ ఫోర్స్ వేసి, 2006లో చట్టం సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ పెట్టాకే మళ్ళీ గాడిలో పడింది. మొదట్లో తొమ్మిది రిజర్వులతో మొదలైంది, కరణ్ సింగ్ ఛైర్మన్, కైలాష్ సంఖలా డైరెక్టర్, వన్యప్రాణుల రక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 10 లక్షల డాలర్లు ఇస్తామని మాటిచ్చింది. ఆ తొమ్మిదిలో మన నల్లమల లేదు.

రేంజిడైరీ:

లెక్క విషయంలో తమ్ముడు కరెక్ట్. ఒకే పులి అడుగు మెత్తటి దుమ్ములో ఒకలా, గట్టి నేల మీద ఇంకోలా పడుతుంది, రెండు బీట్ల వాళ్ళు రెండు పులులు అని రాసిన సందర్భాలు నాకు తెలుసు. 90ల్లో అన్నల (నక్సలైట్ల) కాలంలో మేం లోపలికి పోలేని జాగాలు కూడా ఉండేవి. కెమెరాలు వచ్చాక చారలు చూసి ఇది ఫలానా పులి అని పేరుపెట్టి చెప్పగలుగుతున్నాం.

ఇంకొక మాట, 2023లో ఎఫ్‌సీ యాక్టుని సవరించి పేరు కూడా మార్చారు, కొన్ని రకాల భూముల్ని దాని పరిధి నుంచి తీసేశారు. మీరంతా 80 గురించి మాట్లాడుకుంటున్నారు, దాంతోపాటు ఇప్పుడు ఉన్న చట్టం ఎలా ఉందో కూడా ఒకసారి చదవండి.

నల్లమలబాట:

అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి మామయ్యకి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించా. 252 అధికరణం దగ్గర "చూశావా" అన్నాడు, 73లో సైలెంట్ వ్యాలీకి సరే అన్న సంగతి విని కాసేపు మాట్లాడలేదు. పెంటబడి గారు రాసిన తేనె తాత గురించి చదివినప్పుడు మాత్రం ఇంకోసారి చదవమన్నాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి సంతకి చెంచులు తేనె తెచ్చేవాళ్ళట, తర్వాత రావడం మానేశారట, ఎందుకు మానేశారో ఎప్పుడూ ఆలోచించలేదు అన్నాడు.

నేను సంతకం పెట్టడమేగా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎమర్జెన్సీ మీద నా అభిప్రాయం మారలేదు.

టీచర్ గారూ ఒకటి అడగొచ్చా, ఆ తాతగారి కుటుంబానికి అటవీ హక్కుల పత్రం వచ్చిందా?

పెంటబడి:

తాత పోయాడండి. కొడుక్కి ఇల్లు, చేను ఉన్న రెండెకరాలకి పత్రం వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుడిసె దూలానికి చెక్కుకున్నాడు. జిగురు తీసే కొండకి సామూహిక హక్కు కోసం గ్రామసభ తీర్మానం రాయించాం, ఆ కాగితం ఇంకా ఆఫీసుల మధ్య తిరుగుతోంది.